సున్నా తీసెయ్

ఒక మనిషిని నేను కొద్దిలో జైలుకు పంపబోయాను. కత్తితో కాదు, చాడీతో కాదు, ఒక భిన్నంతో. పైన ఎక్స్, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు. ఇంత చిన్న భిన్నంతో అంత పెద్ద మనిషిని పంపించెయ్యగల మూర్ఖుడు యాంగోన్‌లో మా పబేడాన్ పేట మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. మిగతావాళ్ళకు ఆ లెక్క వచ్చు, లేదా అసలు రాదు. నాకు సగం వచ్చు. ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది.

ఆ పెద్ద మనిషి, నాకు లెక్కలు చెప్పినావిడ, పోయిన నెల పోయారు. మొన్న లమ్మడా పేటలో ఆవిడ మేడ కింద నుంచి నడిచి వెళ్తుంటే నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడు ఇంకా వేలాడుతోంది. యాంగోన్‌లో మా పాత మేడలకు లిఫ్టులుండవు. అందుకని ప్రతి ఇంటికీ ఒక తాడు, పై కొసన ఒక గంట, కింది కొసన ఒక క్లిప్పు. పేపరువాడు పేపరు తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, ఇంటివాళ్ళు చేదుకుంటారు. చుట్టం వచ్చి లాగితే తాళంచెవి దిగుతుంది. అందరి తాళ్ళకూ ఒక క్లిప్పు. ఆవిడ తాడుకు రెండు. ఆ రెండోది నా మూలంగా వచ్చింది.

ఆవిణ్ణి అందరూ సయామ అనేవారు. పంతులమ్మ అని బర్మా మాట. తెలుగు బాప్టిస్టుల ఆడపడుచు. పొద్దున్నే బుగ్గలకు చెక్క అరగదీసిన తనఖా రాసుకుని, తెల్ల జాకెట్టు, ముదురు రంగు లుంగీ కట్టుకుని కూర్చునేవారు. తెలుగులో తనఖా అంటే తాకట్టు కదా, బుగ్గలు తాకట్టులో ఉన్న మనిషి నవ్వకపోవడంలో వింత లేదని నేనొక హాస్యం కనిపెట్టాను. తోటివాళ్ళకు చెప్పాను. సయామకు చెప్పేంత ధైర్యం ముప్పై ఏళ్ళు రాలేదు. వచ్చాక చూస్తే అందులో హాస్యం లేదు.

ఆవిడ చేతిలో ఇత్తడి అంచున్న ఒక చెక్క రూళ్ళకర్ర ఉండేది. గీతలు గియ్యడానికి సగం, నా వేలి కణుపులకు సగం. లెక్క ఏదైనా సరే, భిన్నం కనబడగానే ఆవిడ అరచెయ్యి వెళ్ళి పై సగాన్ని మూసేసేది.

"పైన ఏటుందో తరవాత. ముందు కింద సూడు."

లెక్కల్లోనే కాదు. పనసపండు కొనాలంటే ఎత్తి అడుగు చూసేవారు. చర్చిలో కూర్చునేముందు బల్ల కింద చూసేవారు. తాళంచెవి దించేముందు బాల్కనీలోంచి వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేవారు. కింద సున్నా ఉంటే పైన ఎంత ఉన్నా లెక్క కూలిపోతుందన్నది ఆవిడ గణితం. ఆ రోజుల్లో అది బతుకుకు కూడా సరిపోయింది.

నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ లెక్కల్లోనే. ఇరవై ఏళ్ళవాణ్ణి, పగలు మా నాన్న మసాలా దినుసుల కొట్లో కూర్చుని, సాయంత్రం నాలుగింటికి పదిహేనేళ్ళ పిల్లల మధ్య నేల మీద బాసిపట్టు వేసుకునేవాణ్ణి. నేను కొట్టువాణ్ణని సయామ నాకు కొట్టు భాషలోనే చెప్పేవారు. ఫంక్షన్ అంటే ఒక కొట్టు. లోపలికి ఎవరిని రానిస్తావో వాళ్ళు డొమైన్. బయటికి ఏం పట్టుకెళ్తారో అది రేంజ్. కింద సున్నా తెచ్చేవాడొస్తే తలుపు వేసెయ్యాలి, వాణ్ణి డొమైన్‌లోంచి తీసెయ్యాలి. ఇంతవరకూ నాకు బాగానే ఎక్కింది. అసింప్టోట్ దగ్గర చిక్కొచ్చింది. న్యాయం, అన్యాయం లాగా సింపుల్ కానిది అసింప్టోట్ అయివుంటుందని నేను మొదటి రోజే తేల్చేసుకున్నాను. తరవాత విన్నదేదీ ఆ అభిప్రాయాన్ని మార్చలేదు.

గ్రాఫు గీత చేరువవుతూ పోయే ఆ హద్దు గీత గురించి చెప్పడానికి ఆవిడకొక అభినయం ఉండేది. రెండు చూపుడు వేళ్ళనూ ఎదురెదురుగా పట్టుకుని, కళ్ళు సగం మూసి, ఒకదాన్ని రెండోదాని వైపు నడిపించేవారు. మెల్లగా. ఇంకా మెల్లగా. గదిలో పిల్లలందరి ఊపిరీ ఆ సందులో ఇరుక్కునేది.

"దగ్గరకెల్తాది. ఇంకా దగ్గరకెల్తాది. తాకదు."

ఆ రెండు వేళ్ళ మధ్య సందును చూస్తూ చూస్తూ నేను రెండేళ్ళు ఫెయిలయ్యాను.

ఎనభై ఎనిమిదిలో అల్లర్లు వచ్చాయి. వీధుల నిండా జనం, తరవాత వీధుల నిండా సైన్యం. బళ్ళు మూశారు, కాలేజీలు మూశారు, పరీక్ష ఎప్పుడో, అసలుంటుందో లేదో ఎవరికీ తెలీదు. నావంటివాడికి ఇది పండగలా ఉండాలి. ఉండలేదు. పరీక్ష ఉన్నప్పుడు తప్పుతానేమోనని భయం. ఇప్పుడు అన్నిటికీ భయం. అయిదుగురు ఒకచోట చేరకూడదని లారీల మీద మైకుల్లో చెప్పి వెళ్ళారు. సయామ దగ్గర మేం ఏడుగురం. ఆవిడ కాసేపు ఆలోచించి, ఈ గదికి డొమైన్ నలుగురు, తనతో కలిపి, అన్నారు. మమ్మల్ని ముక్కలు చేసి వేరువేరు రోజుల్లో రమ్మన్నారు.

అదీ ఎంతోకాలం సాగలేదు. పక్క మేడలో ఒకాయన ఇంట్లో టైపు చేసిన కాగితమేదో దొరికిందని తీసుకెళ్ళారు. ఏ కాగితమో ఎవరికీ తెలీదు. ఆయన తిరిగి రాలేదు. దాంతో లమ్మడా, పబేడాన్ అంతా కాగితమంటే దడ. జనం పాత ఉత్తరాలు పొయ్యిలో పెట్టారు. మా నాన్న పొట్లాలు కట్టే చిత్తుకాగితాలు కూడా రెండేసిసార్లు చదివి మరీ కట్టేవాడు. జీలకర్ర అడిగినవాళ్ళు అంతసేపూ నిలబడేవారు.

అప్పుడే సయామ తాడు బడి పెట్టారు. ఎవరూ పైకి రావద్దు. ఒక్కొక్కరు ఒక్కో వేళకు వచ్చి, లెక్కల పుస్తకం క్లిప్పుకు తగిలించి తాడు లాగాలి. ఆవిడ చేదుకుని, ఎర్ర సిరాతో దిద్ది, కొత్త లెక్కలు రాసి దించుతారు. తప్పయితే కింద ఎర్రగా 'పదిసార్లు రాయి' అని ఉండేది. అయిదేసి నిమిషాల పని. చూసేవాళ్ళకు ఎవరింటికో పేపరు వేస్తున్నట్టుంటుంది. నియమాలు రెండే. వీధి రెండు వైపులా చూసుకున్నాకే గంట కొట్టాలి. పుస్తకంలో విడి కాగితం పెట్టకూడదు.

నాలుగు అంతస్తుల దూరం నుంచి రూళ్ళకర్ర అందదన్న సంతోషంలో నేను ఆ రెండూ సరిగా వినలేదు.

నా మూడో ప్రయత్నానికి ఈసారి ఒక ఉపాయం కనిపెట్టాను. అసింప్టోట్ నా బుర్రకెక్కకపోవడానికి కారణం అది గాలిలో ఉండటం. దాన్ని నేల మీదకు తెస్తే? మా ఊరి నడిబొడ్డు వీధులు గళ్ళ కాగితం మీద గీసినట్టుంటాయి. నిలువు వీధులకు నంబర్లు, అడ్డంగా పెద్ద రోడ్లు. ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు రెండు దగ్గరా, మైనస్ రెండు దగ్గరా సున్నా అవుతుంది. అక్కడ రెండు నిలువు చుక్కల గీతలు. వాటికి సయామ ఇంటికి అటూ ఇటూ ఉన్న వీధుల నంబర్లు పెట్టాను. అడ్డగీతకు పెద్ద రోడ్డు పేరు. మధ్య బిందువు దగ్గర నేను రోజూ కూర్చునే టీ కొట్టు. వంపుగీతలకు బాణాలు. పక్కన బర్మా అక్షరాల్లో గుర్తులు: 'ఎడమ నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ కిందికి', 'కుడి నుంచి పైకి', 'ఈ వీధి దగ్గరకు రావాలి, తాకకూడదు', 'ఇక్కడ మూసివుంటుంది'. నా జన్మలో నేను గీసిన అందమైన గ్రాఫు అది. విడి కాగితం మీద గీసి, పుస్తకంలో పెట్టి, మురిసిపోతూ వెళ్ళి, వీధి చూడకుండా గంట కొట్టాను.

రెండో అంతస్తు దాకా పుస్తకం బాగానే వెళ్ళింది. అక్కడ కాస్త గాలి వీచింది. కాగితం జారింది. ఏమీ తొందర లేనట్టు, అటు వంగి ఇటు వంగి, సరిగ్గా నా గ్రాఫులో గీతలాగే దిగుతూ, వీధి మలుపు తిరుగుతున్న ముగ్గురి కాళ్ళ దగ్గర పడింది. ఒక ఆఫీసరు, ఒక సిపాయి, వాళ్ళకు ఇళ్ళు చూపించే వార్డు పెద్ద.

ఆఫీసరు కాగితం తీసి చాలాసేపు చూశాడు. అడ్డంగా తిప్పి చూశాడు. ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. ఎవరికి పంపిస్తున్నావని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకూడదన్న తెలివి నాకప్పుడు వచ్చింది. నోటితో ఏమీ చెప్పలేదు. మెడతో చెప్పాను. తల పైకెత్తి నాలుగో అంతస్తు చూశాను. సయామ బాల్కనీలోంచి, ఎప్పటిలాగే, కిందికి చూస్తున్నారు.

నాలుగు అంతస్తుల మెట్లు. నా ముందు బూట్లు, నా వెనక బూట్లు. పక్క మేడాయన మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు, ఆయన గొడుగే గుర్తొచ్చింది. రేపు ఎవరో ఒకరు సయామ రూళ్ళకర్ర మాత్రమే గుర్తు తెచ్చుకుంటారు. దానికి నేను కారణం. మూడో అంతస్తులో ఒక తలుపు కొద్దిగా తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

సయామ తలుపు తీసి, ముందు కింద చూశారు. నాలుగు జతల పాదాలు. చెప్పులు, బూట్లు బయట విడిచి రమ్మని బర్మాలో అన్నారు, ఏ తండ్రి ఫీజు మాట్లాడటానికి వచ్చినా అన్నట్టే. బర్మాలో ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఆఫీసరు గడపలో వంగి లేసులు విప్పాడు. చాలా లేసులున్నాయి.

కాగితం ఆవిడ ముందు పెట్టి, ఈ దారిన ఊరేగింపు ఎప్పుడని అడిగాడు. ఇది లెక్క అని సయామ చెప్పారు. లెక్కలో వీధి నంబర్లెందుకు? ఆ మాట మాత్రం ఆవిడకూ తెలీదు. నా వైపు చూశారు. గుర్తుంచుకోవడానికి అన్నాను. నా గొంతు పదిహేనేళ్ళ పిల్లల్లో చిన్నవాడి గొంతులా ఉంది.

ఆఫీసరు ఆలోచించి ఒక న్యాయం చెప్పాడు. ఇది పాఠమైతే నేర్చుకున్నవాడికి వచ్చి ఉండాలి. వీధులు లేకుండా ఇదే లెక్క బోర్డు మీద చేసి చూపించమన్నాడు. చెయ్యగలిగితే పంతులమ్మ పంతులమ్మే. లేకపోతే ఇద్దరూ బండెక్కాలి.

లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడి చేతికి సుద్దముక్క వచ్చింది. సయామ విడుదల దాని కొసన ఉంది.

కింద చూశాను. ఎక్స్ రెండైనా మైనస్ రెండైనా సున్నా. ఆ రెండూ తీసేస్తే మిగతావన్నీ డొమైన్. రాశాను. నిలువు అసింప్టోట్లు అక్కడే. రాశాను. ఎక్స్ బాగా పెద్దదైతే కింది సగం పై సగాన్ని మించిపోతుంది, కాబట్టి వై సున్నా వైపు జారుతుంది. అడ్డ అసింప్టోట్ వై ఈక్వల్స్ సున్నా. అదీ రాశాను. జీవితంలో మొదటిసారి నా చెయ్యి ఆగకుండా కదులుతోంది. వార్డు పెద్ద బుర్ర ఊపుతున్నాడు. ఇక రేంజ్. గీత గియ్యడానికి ఒక బిందువు కావాలని ఎక్స్ దగ్గర సున్నా పెట్టాను. వై కూడా సున్నా వచ్చింది. మధ్య గీతను పైనుంచి దించి, టీ కొట్టు ఉండాల్సిన చోట అడ్డగీతను కోసుకుంటూ కిందికి లాగేశాను. రేంజ్ అన్ని సంఖ్యలూ, సున్నాతో సహా, అన్నాను.

రూళ్ళకర్ర నా కణుపుల మీద పడింది. సుద్దముక్క నేల మీద రెండైంది.

"అసింప్టోట్‌ని తాకుతాదేటిరా? ఎన్నిసార్లు సెప్పాల నీకు? సున్నా తీసెయ్."

తెలుగులో. ముగ్గురు బర్మావాళ్ళ ముందు. ఊరుకుంటే సరిపోయేది, వాళ్ళకు తప్పొప్పులు తెలీవు, బుర్ర ఊపుతున్నారు. ఆవిడ ఊరుకోలేదు. నేను సున్నా తుడిచేశాను. అంతటితో వదల్లేదు. గీత అసింప్టోట్‌ను తాకదు అని పదిసార్లు రాయమన్నారు, అక్కడే, అప్పుడే. ఆఫీసరు ఏం జరుగుతోందని అడిగితే, తప్పు చేశాడు, రాయాలి, అన్నారు బర్మాలో.

బోర్డు నిండా రాశాను. రాసేకొద్దీ వాక్యాలు కూడా అసింప్టోట్ల కేసి వంగినట్టు దిగిపోయాయి. ముగించి చేతులు దులుపుకున్నాను. సయామ రూళ్ళకర్రతో వరసలు లెక్కపెట్టారు.

"ఒకటి తక్కువ."

ఆఫీసరు కుడిచెయ్యి ఎడమచేతి కణుపులను రుద్దుకోవడం అప్పుడు చూశాను. తను రుద్దుకుంటున్నట్టు ఆయనకు తెలీదనుకుంటాను. నేను పదోది రాసేదాకా ఆగి, కాగితం మడిచి సయామకిచ్చి, వీధుల పేర్లు రాయవద్దని ఈ పెద్ద పిల్లాడికి చెప్పండి అన్నాడు. గడపలో కూర్చుని మళ్ళీ ఆ లేసులన్నీ కట్టుకున్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గర నుంచి దూరమై, ఇంకా దూరమై, చాలాసేపు పూర్తిగా పోలేదు.

సయామ కాగితాన్ని పొయ్యిలో పెట్టారు. టీ కాచి ఇచ్చారు. అందులో పంచదారకు బదులు ఉప్పుంది. అది కూడా శిక్షలో భాగమనుకుని నోరెత్తకుండా తాగేశాను. మరునాటి నుంచి తాడుకు రెండు క్లిప్పులు. ఆ సంగతి మళ్ళీ ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బళ్ళు తెరిచి పరీక్ష పెట్టిన ఏడు నేను పాసయ్యాను, రేంజ్ ప్రశ్నలో సున్నా జాగ్రత్తగా తీసేసి. దానికి మార్కులు ఎందుకు తగ్గాయో అడిగేంత చదువు నాకప్పుడు లేదు.

ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయి పదో తరగతికొచ్చింది. ఒక సాయంత్రం కొట్లో కూర్చుని అదే భిన్నం చేస్తోంది. మధ్య గీత అడ్డ అసింప్టోట్‌ను కోసుకుని పోయింది. సయామ శిష్యుణ్ణి కదా, రెండు చూపుడు వేళ్ళూ పైకెత్తి, తాకదు, సున్నా తీసెయ్ అన్నాను. అది నా వేళ్ళ వైపు కూడా చూడలేదు.

"జీరో పెడితే జీరోనే వస్తాది కదా నాన్నా. ఎలా తీసేస్తావ్?"

పెట్టి చూశాను. వచ్చింది. అడ్డ అసింప్టోట్ సంగతి దూరం పోయేకొద్దీ మాత్రమేనట. మధ్యలో గీత దాన్ని దాటుకుపోయినా తప్పులేదట. అంటే బోర్డు ముందు నేను చెప్పింది నిజం. నా చదువు మొత్తంలో భయం వల్ల వచ్చిన ఒకే ఒక్క సరైన జవాబు, దానికి దెబ్బ తిన్నాను, పదిసార్లు అబద్ధం రాశాను. ముందు గర్వమేసింది. తరవాత కణుపులు నొప్పి పెట్టాయి. చివరకు ఆ టీ రుచి నాలుక మీదకొచ్చింది. పనసపండు అడుగు చూసే మనిషి, జన్మలో లెక్క తప్పని మనిషి, ఆ ఒక్క పూట ఎక్స్ దగ్గర సున్నా పెట్టి చూసుకోలేదు.

ఆవిణ్ణి ఎలా అడగడం? చర్చి బయట కనబడితే నమస్కారం పెట్టేవాణ్ణి. ఏరా, కొట్టు బాగుందా అనేవారు. బాగుందనేవాణ్ణి. దగ్గరకు వెళ్ళేవాణ్ణి, ఇంకా దగ్గరకు, విషయాన్ని తాకేవాణ్ణి కాదు.

కోవిడ్ ఏడు వచ్చి మళ్ళీ వీధులు మూశారు. ఇంటికొక్కరే బయటికి రావాలి, ఎవరూ ఎవరి మెట్లూ ఎక్కకూడదు. ఎనభై దాటిన సయామ నాలుగో అంతస్తులో ఒక్కరే. మందులు, కూరలు నేను తాడుకు తగిలించి వచ్చేవాణ్ణి. ఒకరోజు ఆ సంచీతోపాటు ఒక కాగితం తగిలించాను, రెండు క్లిప్పులూ పెట్టి. పాత భిన్నం. కింద ఆవిడ జవాబు: సున్నా తీసెయ్. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. కింద ఎర్రగా రాశాను: 'మధ్యలో తాకవచ్చు. పదిసార్లు రాయి.' వీధి అటూ ఇటూ చూసుకుని గంట కొట్టాను.

తాడు పైకి వెళ్ళింది. చాలాసేపు ఏమీ లేదు. నా మాస్కు లోపల చెమట పట్టింది. ముసలావిడ గుండెకు ఇదేం మందు, నాకు బుద్ధుందా అనుకుంటూ నిలబడ్డాను. బాల్కనీలోంచి తల కూడా కనబడలేదు. చివరికి తాడు కదిలింది. మెల్లగా, ఆగి ఆగి, కాగితం నా చేతికి దిగింది.

మధ్యలో తాకవచ్చు. మధ్యలో తాకవచ్చు. వణికే అక్షరాలు, వాక్యాలు పక్కకు వంగిపోతున్నాయి. రూళ్ళకర్ర లేదు గనక వేలితో లెక్కపెట్టాను. తొమ్మిది. పదో వరస ఉండాల్సిన చోట వేరే మాట ఉంది.

'ఆ రోజు బయమేసిందిరా.'

అది అక్కడే వీధిలో, రెండు మేడల మధ్య, రెండోసారి చదివాను. తరవాత జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. దాని కింద రాశాను: 'ఇది లెక్కలోకి రాదు. ఒకటి తక్కువ.' రెండు క్లిప్పులూ పెట్టాను. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. గంట కొట్టాను.